విమానాల షెడ్డులో బస్సులు

హైదరాబాద్ బేగంబజార్‌లో సరుకు కొని, మూట నెత్తికెత్తుకుని గౌలిగూడ బస్టాండుకు నడిచిన చిల్లర వర్తకులు జిల్లాల్లో వేలమంది ఉంటారు. ఆ బస్టాండు కమాను కప్పు బస్సుల కోసం వేసింది కాదు. విమానాలు నిలపడానికని 1930 ప్రాంతంలో ఎత్తిన అమెరికా హ్యాంగర్ అది. 1932 జూన్‌లో నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. విమానాల చోట బస్సులు దిగాయి.

ఆ పక్కనున్న బజారు అంతకంటే చాలా పాతది. రెండో అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకిచ్చిన నేల అది. అక్కడి సేట్లకు ఊరికీ ఊరికీ మధ్య దూరం రోజుల్లోనే తెలుసు. వాళ్లు వేరే ఊళ్ల మీద రాసే సొమ్ము చీటీలే హుండీలు. దర్శనీ హుండీ అయితే చూపగానే సొమ్ము చెల్లించాలి. ముద్దతీ హుండీకి గడువుంటుంది. ఆ గడువు ఏ ఊరి మీద రాశారన్న దాన్నిబట్టి మారేది. దూరమంటే వాళ్లకు వడ్డీ.

ఈ లెక్క బజారు పుట్టకముందు నుంచీ ఉన్నదే. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ నుంచి మచిలీపట్నానికి నేరుదారిన 100 కోసులని, కొల్లూరు గని మీదుగా వెళితే 112 అని రాసుకున్నాడు. ఎక్కువసార్లు పోయింది మాత్రం చుట్టుదారినే! వజ్రాలు కొనేవాడికి ఆ పన్నెండు కోసులు నష్టమెలా అవుతాయి?

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు రావడంతో బొంబాయి దగ్గరైంది. 1889లో బెజవాడ లైను కలిసింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి దాని డకోటాలు మద్రాసుకూ, నాగపూర్ మీదుగా ఢిల్లీకీ ఎగిరేవి. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌కు తరలింది. బేగంబజార్‌కు బేగంపేట ఊళ్లోనే ఉన్నట్టు, శంషాబాద్ ఊరికి అవతల. విజయవాడకు రోడ్డు దూరం సుమారు 275 కిలోమీటర్లు, కారులో అయిదు గంటల మాట. విమానం గంటలో దించుతుంది, నిజమే. కానీ బజారు ఇరుకు దాటి శంషాబాద్ చేరడం, తనిఖీల కోసం ముందే వెళ్లి కూర్చోవడం, గన్నవరంలో దిగి మళ్లీ ఊళ్లోకి రావడం కలిపితే నాలుగు గంటలు దాటుతుంది. ముంబై సంగతి వేరు. 700 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణానికి పగలంతా పడితే, గాల్లో గంటన్నర చాలు. ఆ దూరానికి విమానం టికెట్టు గిట్టుబాటే. విజయవాడకు మాత్రం, నన్నడిగితే, తెల్లవారుజామున బస్సెక్కడమే మేలు.

ఇదంతా మనుషుల లెక్క. బజారుకు కావలసింది సరుకు లెక్క. 1994లో జిల్లాల బస్సులు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు మారాయి. పాత హ్యాంగర్ 2018 జూలైలో కుప్పకూలింది. లారీ ఆఫీసులు మాత్రం బజారు చుట్టుపక్కల ఉన్నచోటే ఉన్నాయి. స్టీలు గిన్నెల కట్టలు, ప్లాస్టిక్ బిందెలు, ఎండుద్రాక్ష పెట్టెలు సాయంత్రం హమాలీల చేతుల మీదుగా లారీకెక్కుతాయి. పొద్దున్నే విజయవాడలో దుకాణం తెరిచేసరికి గుమ్మంలో ఉంటే చాలు. రాత్రి ఎన్ని గంటలు పట్టిందని అక్కడెవరూ అడగరు, కిరాయి ఎంతని అడుగుతారు.