గేర్ సైకిల్ ముందు షాకబ్జర్లు బిగుసుకుపోయాయా? ఉప్పు గాలి, ఎర్రమట్టితో జాగ్రత్త!

కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌ల వైపు సైకిల్ తొక్కుతున్నారా? లేదంటే ఎస్.కోట ఘాట్, సీతంపేట మన్యం రోడ్లు ఎక్కుతున్నారా? అయితే ఇది మీ కోసమే. కొత్తలో మెత్తగా కిందికి దిగి పైకి లేచిన ముందు షాకబ్జర్లు ఒక్క వానాకాలం దాటేసరికి రాయిలా బిగుసుకుపోతాయి. కొన్నింటికి బ్రేక్ వేస్తే చాలు, టకటకమని చప్పుడు. "పాతబడిపోయింది లే" అని వదిలేస్తుంటారు చాలామంది. నిజానికి చాలా సైకిళ్లలో వయసు కాదు సమస్య. కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ విప్పి చూడలేదు, అంతే.

లోపల ఏముంటుంది?

ముందు ఫోర్కులో రెండు పై గొట్టాలు, అవి దూరి కదిలే రెండు కింది కాళ్లు ఉంటాయి. మంచి ఫోర్కయితే ఒక కాలిలో స్ప్రింగ్ లేదా గాలి, రెండో కాలిలో ఊపును అదుపు చేసే ఆయిల్ ఉంటాయి. తక్కువ రేటు సైకిళ్లలో చాలావాటికి ఆయిల్ ఉండదు. స్ప్రింగ్, గ్రీజు, ప్లాస్టిక్ బుష్‌లతోనే నడిచిపోతుంది. వాటి పై గొట్టాలు క్రోమ్ పూత వేసిన ఇనుపవి. ఉప్పు గాలి తగిలితే ఆ పూతలోని సన్నటి గీతల్లోంచి తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన గొట్టం గరుకుగా మారి రబ్బరు సీలును కోసేస్తుంది. సీలు తెగితే దుమ్ము, నీళ్లు లోపలికి వెళతాయి. గ్రీజులో ఎర్రమట్టి కలిస్తే ఇక అది గ్రీజు కాదు, సానబెట్టే పేస్టు! ఖరీదైన ఫోర్కుల్లోని అల్యూమినియం గొట్టాలకు ఈ ఎర్ర తుప్పు రాదు. కానీ పైపూత అరిగితే మళ్లీ రాదు, గొట్టాలే మార్చాలి.

మౌంటెన్ బైక్‌లకు ఈ షాకబ్జర్లు మోటార్ సైకిళ్ల నుంచే వచ్చాయి. 1989లో అమెరికాలో రాక్‌షాక్స్ కంపెనీ ఆర్ఎస్-1 పేరుతో అమ్మకానికి తెచ్చిన ఫోర్కుతోనే ఇవి ఊపందుకున్నాయి. మోటార్ సైకిల్ ఫోర్కు ఆయిల్ కారితే వెంటనే షాపుకు పరిగెడతాం. సైకిల్‌కు మాత్రం ఆ ఆలోచనే రాదు.

ఎప్పుడు సర్వీసు చేయించాలి?

రాక్‌షాక్స్ ఫోర్కుల కింది కాళ్లను ప్రతి 50 గంటల రైడింగ్‌కు ఒకసారి శుభ్రం చేయాలని కంపెనీ చెబుతుంది. ఫాక్స్ కంపెనీది 125 గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రోజూ గంట తొక్కేవాళ్లకు 50 గంటలు రెండు నెలల్లోపే అయిపోతాయి. మామూలు ఫోర్కు అయినా సరే, వానాకాలానికి ముందు ఒకసారి, అక్టోబరు-నవంబరు తుపాన్లు వెళ్లాక ఒకసారి విప్పించి, పాత గ్రీజు తీయించి కొత్తది పెట్టించండి.

ఇంటి దగ్గర చేసుకునే పని రెండు నిమిషాలే. తొక్కి వచ్చాక పై గొట్టాలను, సీళ్ల అంచులను మెత్తటి గుడ్డతో తుడవండి. బీచ్ నుంచి వస్తే ముందు మంచినీళ్లు పోసి ఉప్పు కడిగేయండి. చెంబుతో పోస్తే చాలు. వాటర్ వాషింగ్ షాపులో ప్రెషర్ పైపు సీళ్ల మీదకు అస్సలు పట్టనివ్వకండి, నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. కిరోసిన్, పెట్రోల్‌తో తుడవడం కూడా వద్దు. రబ్బరు పాడవుతుంది, ఉన్న గ్రీజూ కరిగిపోతుంది.

చప్పుడు ఎక్కడిది?

ముందు బ్రేక్ గట్టిగా పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంకో చేతి వేళ్లు పై గొట్టం, కింది కాలు కలిసే చోట పెట్టండి. కదలిక అక్కడ తెలిస్తే బుష్‌లు అరిగినట్టే. హ్యాండిల్ కింద బేరింగుల దగ్గర తెలిస్తే అది హెడ్‌సెట్ లూజు, బిగిస్తే సరిపోతుంది. బుష్‌లు అరిగినప్పుడు హెడ్‌సెట్ ఎంత బిగించినా చప్పుడు పోదు, పైగా బేరింగులు దెబ్బతింటాయి. మెకానిక్‌కు ఈ తేడా మీరే చూపించండి.

గొట్టాలు పైన కలిసే చోట గానీ, చక్రం పట్టే చోట గానీ పగులు కనిపించినా, కాలు వంగినా, కింది బోల్టు లూజైనా సైకిల్ ఎక్కొద్దు. వెల్డింగ్ పెట్టించి నడిపేద్దాం అనుకోవద్దు. ముందు ఫోర్కు విడిపోతే రైడర్ నేరుగా ముఖం మీద పడతాడు. అమెరికాలో డైనాక్రాఫ్ట్ కంపెనీ అమ్మిన కొన్ని సైకిళ్లకు ఇలాగే ఫోర్కులు విరిగితే, వాటిని వెనక్కి పిలిపించారు. లోపాన్ని సకాలంలో చెప్పలేదని 2004లో ఆ కంపెనీకి 14 లక్షల డాలర్ల జరిమానా పడింది.

లాకౌట్ ఉన్న ఫోర్కు అయితే ఘాట్ ఎక్కేటప్పుడు లాక్ చేసుకోండి, దిగేముందు తప్పక తీసేయండి. గాలి ఫోర్కుకు షాక్ పంపు మాత్రమే వాడాలి, పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు.

ఇక కొత్తగా కొనేవాళ్లకు ఒక మాట. కాలేజీకి, ట్యూషన్‌కు తారు రోడ్డు మీద వెళ్లే పిల్లలకు చవక షాకబ్జర్ల కన్నా, మామూలు గట్టి ఫోర్కు, లావు టైర్లు ఉన్న సైకిలే మేలు. బరువు తక్కువ, చెడిపోయేదీ తక్కువ. షాకబ్జర్లే కావాలంటే డబ్బు కట్టే ముందు షాపాయనను అడగండి: దీనికి సీళ్లు, బుష్‌లు విడిగా దొరుకుతాయా? దొరకవంటే, అది పాడైన రోజు ఫోర్కు మొత్తం మార్చాల్సిందే.