వేలంపాట గదిలో ప్రభువు బల్ల



మన గోదావరి ప్రాంతంలో బ్రదరెన్ మందిరాలు మీలో చాలామందికి తెలుసు. వాటి మూలాలు వెదుకుతూ పోతే ఐర్లాండు దేశంలోని డబ్లిన్ నగరం వరకు వెళ్తాం.

1826 ప్రాంతంలో ఎడ్వర్డ్ క్రోనిన్ అనే వైద్య విద్యార్థి ఆ నగరానికి వచ్చాడు. రోమన్ కాథలిక్ కుటుంబంలో పుట్టి మారుమనస్సు పొందినవాడు. అక్కడి సంఘాలవారు మొదట అతన్ని అతిథిగా బల్లలో చేర్చుకున్నారు. ఊళ్లో స్థిరపడ్డాక మాత్రం, ఏదో ఒక సంఘంలో సభ్యుడైతేనే రొట్టె ఇస్తామన్నారు. క్రీస్తు శరీరం ఒక్కటే కదా అని అతడు ఒప్పుకోలేదు. కొద్దిమందితో ఒక ఇంట్లోనే రొట్టె విరవడం మొదలుపెట్టాడు.

ఇంచుమించు అదే కాలంలో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అనే పళ్ల వైద్యుడు, విశ్వాసులు కలిసి రొట్టె విరవడానికి అభిషిక్తుడైన పాదిరి ఉండి తీరాలని లేదని స్నేహితుడు బెల్లెట్‌కు చెప్పాడు. 1829లో వీరిలో కొందరు హచిన్‌సన్ గారింట్లో కూడుకున్నారు. అందరూ రాగల చోటు కావాలని 1830లో జాన్ పార్నెల్ ఆంజియర్ వీధిలో ఒక వేలంపాట గది అద్దెకు తీసుకున్నాడు. శనివారం సాయంత్రం ఈ సహోదరులే అక్కడి సామాను పక్కకు జరిపి, మామూలు బల్ల ఒకటి వేసి, రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసేవారు.

1863 నాటికి అదే నగరంలో వేలమంది పట్టే మెర్రియన్ హాల్ లేచింది. తర్వాత అది అమ్ముడుపోయింది, 1991లో కాలిపోయింది. మిగిలిన ముందు గోడ వెనుక ఇప్పుడు హోటల్ ఉంది. గోడలు నిలిచేవి కావు, ప్రియులారా.

అంతకన్నా బాధ కలిగించేది మరొకటి. అందరికీ తెరిచిన ఆ బల్ల దగ్గరే, ఎవరిని చేర్చుకోవాలన్న వివాదంతో 1848లో బ్రదరెన్‌వారు రెండుగా చీలిపోయారు.

అయినా దేవుడు ఆ విత్తనాన్ని వాడుకున్నాడు. గ్రోవ్స్ 1833లో మన దేశానికి వచ్చాడు. ఆయన పిలుపుతో 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా తెలుగు నేలకు వచ్చి, నరసాపురం ప్రాంతంలో సువార్త ప్రకటించారు.

ఈ చరిత్ర చదువుతుంటే మా మనస్సాక్షి మమ్మల్ని గద్దించింది. కిందటి కోతల కాలంలో కూలిపనికి వచ్చిన ఒక సహోదరి మన ఆరాధనకు వచ్చింది. బల్ల సమయంలో ఆమె చెయ్యి చాపితే, "ఏ సంఘం అమ్మా? ఉత్తరం తెచ్చావా?" అని అడిగాం. ఆమె తలవంచుకుని వెనక్కి వెళ్లి కూర్చుంది. మరుసటి ఆదివారం రాలేదు. ఆమె విశ్వాసం సంగతి ఒక్కమాటైనా అడగలేదు మేము.

వచ్చే కోతలకు కూలీలు మళ్లీ వస్తారు. రోమా 15:7 చదివి, మా కొరకు, మన సంఘం కొరకు ప్రార్థించండి. ఆ తల్లి మళ్లీ వస్తే, ముందు ఆమెకు మేము క్షమాపణ చెప్పుకోవాలి. ఆమేన్.