లైంగిక కలయిక, స్త్రీలలో మూత్ర ఇన్ఫెక్షన్

పెళ్లయిన కొత్తలోనో, చాలాకాలం ఎడం తర్వాత దంపతులు మళ్లీ కలిసినప్పుడో, ఒకటి రెండు రోజుల్లో స్త్రీకి మూత్రంలో మంట మొదలవడం వైద్యులు తరచూ చూసే సంగతి. దీనికి ‘హనీమూన్ సిస్టైటిస్’ అనే పేరు స్థిరపడిపోయింది. సిస్టైటిస్ అంటే మూత్రాశయం వాపు. చుక్కలు చుక్కలుగా మూత్రం, వెళ్లిన ప్రతిసారీ మంట, వచ్చి కూర్చోగానే మళ్లీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి, ఒక్కోసారి మూత్రంలో రక్తపు జీర దీని లక్షణాలు. స్త్రీలలో సుమారు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా మూత్ర ఇన్ఫెక్షన్ వస్తుంది. యువతుల్లో దానికి దారితీసే కారణాల్లో సంభోగానిదే పెద్ద పాత్ర.

ఎలా వస్తుంది

మూత్రాశయం నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని యూరెత్రా అంటారు. పురుషుల్లో ఇది దాదాపు 20 సెంటీమీటర్లు ఉంటుంది, స్త్రీలలో 4 సెంటీమీటర్లే. పైగా స్త్రీలలో దాని ద్వారం యోనికి ఆనుకుని, మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. పేగుల్లో మామూలుగా బతికే ఈ.కోలై బ్యాక్టీరియా ముందుగా యోనిముఖం చుట్టూ చేరుతుంది. కలయికలోని ఒత్తిడి, రాపిడి దాన్ని ఆ పొట్టి గొట్టంలోకి, అక్కణ్నుంచి మూత్రాశయంలోకి నెడతాయి. సంభోగం తర్వాత మూత్రంలో బ్యాక్టీరియా సంఖ్య కొద్దిసేపు పెరుగుతుందని 1970లలోనే పరీక్షల్లో తేలింది. చాలామందిలో తర్వాత వెళ్లే మూత్రంతోనే అది కొట్టుకుపోతుంది.

కొందరిలో పోదు. ఈ.కోలై ఒంటినిండా ఫింబ్రియా అనే సన్నని నూగు, ఆ నూగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ ఉంటాయి. మూత్రాశయం లోపలి పొరలో ఉండే మానోజ్ అనే చక్కెరను ఈ ప్రొటీన్ పల్లేరుకాయలా పట్టుకుంటుంది. అలా అంటుకున్న బ్యాక్టీరియాలో కొన్ని కణాల లోపలికి కూడా దూరతాయి. నయమైందనుకున్న ఇన్ఫెక్షన్ తిరగబెట్టడానికి ఇదొక కారణమని పరిశోధకుల అభిప్రాయం.

సంభోగానికీ ఇన్ఫెక్షన్‌కూ ఉన్న సంబంధాన్ని తేల్చడానికి 1968లో అమెరికా పరిశోధకులు కునిన్, మెక్‌కార్మాక్ ఒక చక్కని దారి వెతికారు. క్రైస్తవ సన్యాసినుల మూత్రాన్ని ఉద్యోగాలు చేసే స్త్రీల మూత్రంతో పోల్చారు. బ్యాక్టీరియా కనిపించడం సన్యాసినులలో బాగా తక్కువ. ఆ తర్వాత సియాటెల్‌లో హూటన్ బృందం 796 మంది యువతులను ఆరు నెలల పాటు గమనించి 1996లో ఫలితాలు ప్రచురించింది. వారంలో కలిసిన రోజులు పెరిగేకొద్దీ ఇన్ఫెక్షన్ ముప్పూ పెరిగింది. వీర్యకణాలను చంపే రసాయనంతో డయాఫ్రం అనే గర్భనిరోధక సాధనం వాడేవారిలో ముప్పు ఇంకా ఎక్కువ. ఆ రసాయనం, ముఖ్యంగా నొనాక్సినాల్-9, యోనిలో కాపలా కాసే లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియాను కూడా చంపి ఈ.కోలైకి చోటిస్తుంది. ఆ రసాయనం పూసిన కండోములతోనూ ఇదే ఇబ్బంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కుటుంబ నియంత్రణ అంటే ప్రధానంగా ట్యూబెక్టమీయే కాబట్టి ఇక్కడ ఈ కారణం అరుదు.

అపోహలు

ఇది సుఖవ్యాధి కాదు. భర్త నుంచి అంటుకున్నదీ కాదు, భార్య నడతకు గుర్తూ కాదు. చాలావరకు ఆమె పేగుల్లోని బ్యాక్టీరియాయే చోటు మారుతుంది. అందుకే భర్తకు మందు ఇవ్వనక్కర్లేదు. అయితే క్లమీడియా, గనేరియా, హెర్పిస్ వంటి లైంగిక వ్యాధుల్లోనూ మూత్రంలో మంట ఉంటుంది. మంటతోపాటు తెల్లబట్ట, దురద, పుండ్లు ఉంటే పరీక్ష వేరు. లైంగిక వ్యాధి అని తేలితే ఇద్దరికీ చికిత్స అవసరం.

రెండో అపోహ శుభ్రతకు సంబంధించినది. ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే స్త్రీకి ముందుగా వినిపించేది శుభ్రంగా ఉండమనే సలహా. కడుక్కునే దిశ, లోదుస్తుల బట్ట, స్నానం చేసే పద్ధతి వంటివాటికీ పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లకూ స్పష్టమైన సంబంధం అధ్యయనాల్లో కనిపించలేదు. కలయిక తర్వాత మూత్రానికి వెళ్తే మేలనడానికి కూడా గట్టి రుజువు లేదు, కాకపోతే హాని లేని అలవాటు కాబట్టి వైద్యులు చెబుతూనే ఉంటారు. యోని లోపల సబ్బుతోనో క్రిమిసంహారకాలతోనో కడిగితే మంచి బ్యాక్టీరియాయే పోతుంది. చిన్న వయసులోనే మొదటి ఇన్ఫెక్షన్ రావడం, తల్లికీ ఈ బాధ ఉండటం మాత్రం ముప్పును పెంచుతాయని తేలింది. ఇలాంటి స్త్రీని శుభ్రత లేనిదానిగా చూడటం అన్యాయం.

మన ఇళ్లలో మూత్రం మండితే ‘వేడి చేసింది’ అంటారు, బార్లీ నీళ్లు, సబ్జా గింజల నీళ్లు, కొబ్బరి నీళ్లు పట్టిస్తారు. వేడి సంగతి ఎలా ఉన్నా నీళ్లు పట్టించడం మంచిదే. ఇన్ఫెక్షన్ తరచూ వచ్చే 140 మంది స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ తాగేదానికి అదనంగా ఒకటిన్నర లీటరు నీళ్లు తాగినవారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు, మిగతావారికి 3.2 సార్లు సిస్టైటిస్ వచ్చింది. ప్రయాణంలోనో పనిచోటనో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగడం మానేసే స్త్రీలకు ఈ లెక్క బాగా వర్తిస్తుంది. అయితే పట్టుకున్న ఇన్ఫెక్షన్‌కు బార్లీ నీళ్లు మందు కావు.

చికిత్స, నివారణ

మామూలు సిస్టైటిస్‌కు నైట్రోఫ్యురాంటాయిన్ ఐదు రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ ఒకే మోతాదు ఇస్తారు. ఒకప్పుడు విరివిగా వాడిన నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు భారతదేశంలో ఈ.కోలై చాలావరకు లొంగడం లేదు. మెడికల్ షాపులో అడిగి రెండు మూడు మాత్రలు వేసుకుని ఆపేసే అలవాటుకు ఇందులో వాటా ఉంది.

ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పునరావృత ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు. అది కలయిక తర్వాతే వస్తోందని స్పష్టంగా తెలిస్తే, కలిసిన ప్రతిసారీ తర్వాత ఒక చిన్న మోతాదు యాంటీబయాటిక్ వేసుకునే పద్ధతి ఉంది. రోజూ మాత్ర వేసుకోవడం కంటే ఇందులో మందు వాడకం తక్కువ. వైద్యుల పర్యవేక్షణలోనే ఇది చేయాలి. ముట్లుడిగినవారి సమస్య వేరు. ఈస్ట్రోజన్ తగ్గడంతో యోని పొర పలచబడి లాక్టోబాసిల్లై తగ్గిపోతాయి. అలాంటివారికి యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీము బాగా పనిచేస్తుందని 1993లో రుజువైంది.

చలి జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణుల్లో లక్షణాలేవీ లేకున్నా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే చికిత్స చేస్తారు, లేకపోతే అది కిడ్నీ ఇన్ఫెక్షన్‌గా మారే ప్రమాదం ఎక్కువ. మంట తగ్గక, మూత్రంలో చీముకణాలు కనిపిస్తూ, కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగకపోతే మన దేశంలో కిడ్నీ క్షయ కోసం కూడా పరీక్షిస్తారు.