విమర్శకుడు అక్కిరాజు ఉమాకాంతము

పల్నాటిసీమ పేరు చెప్పగానే కారెంపూడి యుద్ధభూమియు, నాగులేరును, బాలచంద్రుని సాహసమును జ్ఞప్తికి వచ్చును. ఈ సీమకు చెందిన సాహిత్యవిమర్శకులు అక్కిరాజు ఉమాకాంతముగారు (1889–1942) మాత్రము అంతగా జ్ఞప్తికి రారు. వచ్చినను, భావకవులను నిందించిన ఛాందసుడను ఒక్కమాటతో వారి ప్రసంగము ముగియును. ఆ తీర్పు పునర్విచారణార్హము.

శ్రీనాథుని పేర ప్రచారములోనున్న ద్విపద ‘పల్నాటి వీరచరిత్ర’ను వారు 1911లో పరిష్కరించి ప్రకటించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదిరెండేండ్లు. ఆ కృతి శ్రీనాథునిదగునా కాదా యను వివాదము పండితులలో ఇంకను తెగలేదు. అది యెట్లున్నను, వీరవిద్యావంతులు గానము చేయుచు కాపాడుకొనిన కథకు పండితలోకములో పీఠము వేసిన గౌరవము ఉమాకాంతముగారికి దక్కవలసినదే. 1938లో ఆ గ్రంథము పునర్ముద్రితమైనది. 1982లో జీన్ రోఘేర్ పల్నాటి వీరుల కథపై ఆంగ్లగ్రంథము వెలువరించువరకు సాగిన పరిశోధనమునకు ఆ ముద్రణము తొలిమెట్లలో నొకటి.

వారికి కీర్తిని, అపకీర్తిని ఒక్కమారే తెచ్చిన గ్రంథము 1928 నాటి ‘నేటికాలపు కవిత్వం’. అప్పటికి కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వ విచారము’ (1914) పాశ్చాత్యుల కొలతతో ప్రాచీన కావ్యములను కొలిచియుండెను. ఉమాకాంతముగారు సంస్కృతాలంకారికుల కొలతతో నవీనకవిత్వమును కొలిచిరి. శాస్త్రగ్రంథముల రీతిని అధికరణములుగా విభజించి, ఆక్షేపమును తామే లేవనెత్తి తామే సమాధానము చెప్పిరి. విచిత్రమేమనగా, ఇంతటి సంప్రదాయవాదియు దానిని వ్యావహారికభాషలోనే వ్రాసిరి. ప్రాచీనాభిమానులందరును గ్రాంథికవాదులే యను భ్రమను ఈ ఒక్క గ్రంథమే పోగొట్టగలదు.

వారి ఆక్షేపణలన్నియు త్రోసిపుచ్చదగినవి కావు. ఒక్క భావమునే పలుమాటలతో పులుముట దోషమనిరి. ఆలంబనము స్పష్టముగా లేని విరహము రసముగా పండదనిరి. కృష్ణశాస్త్రిగారివంటి సమర్థుల చేతిలో అస్పష్టతయు ఒక అందమైనమాట నిజమే. అనుకర్తల చేతిలో అది ఉత్త నిట్టూర్పుగా మిగిలినమాటయు అంతే నిజము. బాగున్నది, బాగులేదు అని ఊరకొనక, ఏల బాగులేదో కారణము చూపవలెనను నియమము వారి విమర్శకు ప్రాణము.

అయితే నండూరి సుబ్బారావుగారి ‘ఎంకిపాటల’ విషయమున ఆ కొలతయే దారి తప్పినది. శృంగారము ఉత్తమ ప్రకృతులయందే రసమగునను భరతుని మర్యాదను పట్టుకొని, ఎంకి–నాయుడుబావల ప్రేమను వారు క్షుద్రకోటిలో వేసిరి. ప్రకృతి యొక్క ఔత్తమ్యము మనస్సును బట్టియా, కులవృత్తులను బట్టియా యను ప్రశ్నకు అచట తగిన సమాధానము లేదు. ఆ పాటలు మాత్రము తెలుగువారి నోట నిలిచిపోయినవి.

ఈ ప్రశ్నకు సమాధానము పల్నాటి కథలోనే కలదు. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించినాడు. చాపకూటిలో అన్ని కులముల వీరులును ఒక్కచాపపై భుజించిరి. ఆ వీరులయందు ఉత్తమ ప్రకృతిని ఆంధ్రలోకము సందేహింపలేదు. వీరరసమునకు తగిన జనము శృంగారమునకు తగకపోవుట యెట్లు? 1911 నాటి పరిష్కర్త చేతి గ్రంథమే 1928 నాటి విమర్శకునికి ప్రత్యుత్తరమగుచున్నది.

కాన ఉమాకాంతముగారిని తిరస్కరించుటయు, తలకెత్తుకొనుటయు రెండును తొందరపాటులే. వారి నిర్ణయములలో కొన్నిటిని కాలము కొట్టివేసినది. వారి పద్ధతిని కొట్టివేయలేదు. గ్రంథాలయములలో ‘పల్నాటి వీరచరిత్ర’, ‘నేటికాలపు కవిత్వం’, ‘ఎంకిపాటలు’ మూడును ఒక్క బీరువాలో ప్రక్కప్రక్కన ఉండవలెను. యువపాఠకులు మూడింటిని చదివి, కారణములు చూపి తీర్పు చెప్పుదురుగాక. ఉమాకాంతముగారు సాహిత్యలోకమునుండి కోరినదియు అదియే.