ఆయిల్ బత్తి వెలిగితే ఇంజన్ విప్పాలెనా?

ఘట్‌కేసర్, భువనగిరి దిక్కు నుంచి పట్నం పోతే ముందుగాల తగిలేది ఉప్పల్, పక్కనే నాచారం. మనోళ్ల కార్లు, బొలెరోలు రిపేరుకు పోయేది ఆడికే. అక్కడి షెడ్డుల "ఆయిల్ ప్రెషర్ కోడ్ చూపిస్తుంది, ఇంజన్ దించాలె" అంటే తల ఊపకముందు ఈ ప్రెషర్ కొలిచే సామాను కథ తెలుసుకోండ్రి.

1849ల ఫ్రాన్స్‌ల యూజీన్ బూర్డన్ అనే ఆయన ఒక గేజ్‌కు పేటెంట్ తీసుకున్నడు. మోటర్ ఏసినంక చుట్టి ఉన్న డెలివరీ పైపు నీళ్ల బలానికి ఎట్ల సాగుతదో మీరు రోజూ చూస్తనే ఉంటరు. ఆయన గేజ్ పనిచేసేది అట్లనే. ఒంపు తిరిగిన ఇత్తడి గొట్టంల ప్రెషర్ పెరిగితే అది సాగవోతది, ముల్లు తిరుగుతది. కరెంటు అక్కరలేదు. పాత ట్రాక్టర్ల మీటర్లు చానా మట్టుకు గివే.

1954ల అమెరికాల బెల్ ల్యాబ్స్‌ల చార్లెస్ స్మిత్, సిలికాన్‌ను ఒత్తితే దాని కరెంటు నిరోధం బాగ మారుతదని చూపిచ్చిండు. ఇప్పటి సెన్సార్లు చానా వరకు ఆ దారిలోనే వచ్చినయి. హైదరాబాద్‌కు 2010 ఏప్రిల్‌ల, దేశమంతటికి 2017 ఏప్రిల్‌ల బీఎస్-4 వచ్చింది. బండే తన రోగం చెప్పుకునే ఓబీడీ పద్ధతి దాంతోనే మొదలైంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడ్డ కొత్త ట్రాక్టర్లకు కూడ ట్రెమ్-4 రూలు వచ్చింది, అంటే మన చేనుకాడికి కూడ ఈ గొడవ వచ్చినట్టే.

అసలు తిరకాసు కోడ్‌ల ఉంది. పి0524 అంటే ఆయిల్ ప్రెషర్ మరీ తక్కువని. పి0522 అంటే సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజ్ తక్కువని, అంతే. వైర్ రాసుకపోయినా, ప్లగ్గుల ఆయిల్ దిగినా అది రావచ్చు. మూడు వైర్ల సెన్సార్ అయితే తాళం ఆన్ చేసి మీటర్ పెడితే ఒక వైర్‌ల సుమారు 5 వోల్టులు, ఇంకోదాంట్ల ఎర్త్ ఉండాలె. అయి లేకుంటే సెన్సార్ మార్చి ఏం ఫాయిదా?

అయి సరిగ్గ ఉంటే సెన్సార్ ఇప్పి, అదే రంధ్రంల ఇత్తడి గేజ్ బిగించమనండి. ఇంజన్ వేడెక్కినంక స్లోల సుమారు 1 బార్, రేస్ ఇస్తే 3 బార్ దాక వస్తే చానా బండ్లల్ల పంపు బాగున్నట్టే. మీ బండి లెక్క కంపెనీ పుస్తకంల చూడండ్రి. గేజ్ కూడ తక్కువ చూపితే అప్పుడు ఇంజన్ విప్పుడు న్యాయమే.

ఒక్క మాట, దారిల ఎర్ర బత్తి వెలిగితే మాత్రం సెన్సారే అనుకోని నడపొద్దు. అక్కడనే బంద్ చేసి, ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడండ్రి.