మూసీ వరద గీసిన పటం: హైదరాబాద్‌లో ఖాళీగా వదిలిన జాగా కథ

ఈరోజు ఒక చింతచెట్టు దగ్గర మొదలుపెడదాం.

హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, మూసీ వైపు, ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు సుమారు 150 మంది ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. కింద ఆస్పత్రి కొట్టుకుపోయింది, వంతెనలు తెగాయి, కోల్సావాడీ లాంటి ఒడ్డు మీది బస్తీలు లేకుండా పోయాయి. చనిపోయినవాళ్లు 15,000 మంది దాకా ఉంటారని సాధారణంగా రాస్తుంటారు.

ఈ వరద గురించి మీలో చాలామంది వినే ఉంటారు. మనం ఈరోజు మాట్లాడుకునేది వరద తర్వాత ఏం జరిగిందని. ఎందుకంటే ఇవాళ హైదరాబాద్‌లో మనం నడిచే కొన్ని రోడ్లు, సరుకులు కొనుక్కునే బజార్లు, ఎన్నో ఏళ్లు తాగిన నీళ్లు, ఇవన్నీ ఆ రోజు నుంచి పుట్టినవే.

ముందు అసలు వరద ఎందుకంత పెద్దదైందో చూద్దాం. మూసీ అనంతగిరి కొండల్లో, వికారాబాద్ దగ్గర పుడుతుంది. ఈసీ అనే ఇంకో వాగు నగరానికి కాస్త పైన, లంగర్ హౌజ్ దగ్గర దాన్లో కలుస్తుంది. ఈ రెండింటి పరీవాహక ప్రాంతం నిండా గొలుసుకట్టు చెరువులు ఉండేవి. పై చెరువు అలుగు దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. మామూలు వానకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కానీ ఆ సెప్టెంబర్‌లో కురిసింది మామూలు వాన కాదు. పైనున్న చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కట్ట మీద పడతాయి. అదీ తెగుతుంది. అట్లా రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. అంటే ఆ రాత్రి నగరం మీదికి వచ్చింది ఒక్క వాన నీళ్లే కాదు, చెరువుల్లో దాచుకున్న నీళ్లు కూడా.

అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పాలన. ఆయన ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి సర్వీసు నుంచి అప్పుడే బయటికొచ్చి, 1909లో హైదరాబాద్ వచ్చారు. మనందరికీ ఆయన పేరు చెప్పగానే డ్యాములు గుర్తొస్తాయి. డ్యాములు కట్టమని చెప్పారు, నిజమే. నగరానికి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. అవే తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అయ్యాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి.

కానీ ఆయన సలహా అక్కడితో ఆగలేదు. నగరం లోపల నది ఒడ్లు ఎత్తు చేయాలి, ఆ ఒడ్ల మీద ఇళ్లకు బదులు తోటలు, నడిచే దారులు ఉండాలి, మురుగు నీరు భూమి కింద కాలువల్లో పోవాలి అన్నారు. అంటే వరద సమస్యను ఒక్క గోడతో తీర్చలేమని ఆయనకు అర్థమైంది. నది, మురుగు, ఇళ్లు, రోడ్లు అన్నీ కలిపి ఒకే ప్రశ్నగా చూశారు. పట్టణ ప్రణాళిక అంటే ఇదే.

ప్లాను రాయడం ఒకటి, అమలు చేయడం ఇంకోటి. 1911లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలు తొలగించడం, రోడ్లు వెడల్పు చేయడం, నాంపల్లి, మల్లేపల్లి, ఆగాపుర లాంటి చోట్ల వరస ఇళ్లు కట్టి అద్దెకివ్వడం, ఇవన్నీ దాని పనులు. పత్తర్‌గట్టీ కూడా బోర్డు కట్టిందే.

పత్తర్‌గట్టీ చూశారా ఎప్పుడైనా? చార్మినార్ నుంచి మదీనా వైపు నడుస్తుంటే రెండు పక్కలా రాతి కమాన్లు, వాటి లోపల వరండా, వరండా లోపల దుకాణాలు. ముత్యాలు, చీరలు, అత్తర్లు. మే నెల మధ్యాహ్నం కూడా అక్కడ నీడలో నడవొచ్చు. వాన పడితే కమాను కింద నిలబడొచ్చు, ఏమీ కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. దుకాణం ఎవరిదైనా, దాని ముందున్న వరండా నడిచేవాళ్లది. వందేళ్ల కింద ఎవరో కాగితం మీద ఆ వరండా గీత గీశారు కాబట్టి ఇవాళ ఒక ముసలమ్మ ఎండ దెబ్బ తగలకుండా పెళ్లి బట్టలు కొనుక్కుని వెళ్తోంది. ఇప్పుడు కొత్త కాలనీల్లో షాపుల ముందు నడవడానికి మీకెంత జాగా ఉందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఫుట్‌పాత్ మీద జనరేటర్, దాని పక్కన బైకులు, మనమేమో రోడ్డు మీద.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇదంతా వింటే బోర్డు అందరికీ మంచే చేసింది అనిపిస్తుంది. అట్లా అనుకోవద్దు. రోడ్డు వెడల్పు చేయాలంటే ఎవరి ఇల్లో పోవాలి. బస్తీ తొలగిస్తే అక్కడి మనిషి పనికి పోయే దూరం పెరుగుతుంది, కొత్త ఇంటి అద్దె అతనికి అందకపోవచ్చు. "మురికివాడ" అన్న మాట కూడా బయటి నుంచి చూసేవాళ్లు పెట్టిన పేరే, లోపల ఉన్నవాళ్లకు అది ఇల్లు. ఒడ్డు మీద ఎవరూ ఉండకూడదు అన్నది సరైన నిర్ణయమే. కానీ ఖాళీ చేసినవాళ్లు ఎక్కడికి పోవాలన్నది కూడా ప్లానులో ఒక పేజీ అయి ఉండాలి. ఈ ప్రశ్న 1912కి ఎంత వర్తిస్తుందో, మూసీ ఒడ్డు గురించి ఇవాళ జరిగే చర్చకూ అంతే వర్తిస్తుంది.

ఇప్పుడు మళ్లీ జలాశయాల దగ్గరికి వద్దాం. అసలు విషయం అక్కడే ఉంది.

"గండిపేట నీళ్లు తాగినోళ్లు హైదరాబాద్ వదిలిపోరు" అని ఒక మాట ఉంది కదా. గండిపేట అంటే ఉస్మాన్ సాగరే. వరద ఆపడానికి కట్టిన చెరువు ఊరికి తాగునీరు కూడా ఇచ్చింది. ఒకే కట్ట, రెండు పనులు. కానీ ఈ రెండు పనులకూ ఒకదానికొకటి పడదు. తాగునీటికైతే జలాశయం నిండుగా ఉండాలి. వరద ఆపాలంటే అందులో ఖాళీ ఉండాలి. నిండుకుండలో ఇంకో చెంబు పోస్తే ఏమవుతుంది? కిందికి పొర్లుతుంది. కాబట్టి ఆ ఖాళీ అనేది వృథా కాదు, అదే మనకు రక్షణ. పెద్ద వాన పడినప్పుడు నీళ్లు వచ్చి కూర్చోవడానికి ముందే వదిలిపెట్టిన కుర్చీ అది.

మన పల్లెల్లో ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. చెరువు శిఖం భూమిలో నీళ్లు తగ్గాక పంట వేసుకునేవాళ్లు. మళ్లీ నీళ్లొస్తే పక్కకు జరిగేవాళ్లు. ఆ భూమి ఏడాదిలో కొన్నాళ్లు మనిషిది, కొన్నాళ్లు నీళ్లది. పట్టణంలో రిజిస్ట్రేషన్ కాగితానికి ఈ లెక్క అర్థం కాదు. దానికి భూమి పన్నెండు నెలలూ ఒక్కరిదే.

1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నంబర్ జీవో తెచ్చింది. జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, పెద్ద నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. అక్కడి రైతుల కోపం కూడా న్యాయమైనదే. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం కోసం మా భూమి మాత్రం ఎందుకు అట్లాగే ఉండాలి అని అడిగారు. దానికి నగరం సరైన జవాబు చెప్పలేదు. చివరికి 2022లో తెలంగాణ ప్రభుత్వం ఇంకో జీవోతో ఆ ఆంక్షలను ఎత్తేసింది. ఖాళీ జాగా వల్ల లాభం కింద నగరంలో ఉన్నవాళ్లకు, నష్టం పైన రైతులకు. ఆ లెక్క సరిచేయకుండా ఖాళీని కాపాడటం ఎవరివల్లా కాదు.

ఈలోగా వానలు ఆగలేదు. 2000 ఆగస్టులో నగరం మునిగింది. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ వైపు చెరువుల కట్టలు తెగి కాలనీల మీద పడ్డాయి. 1908లో పరీవాహక ప్రాంతంలో జరిగిందే, ఈసారి ఊరి లోపల జరిగింది. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ నీళ్లు మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చేశాయి. ప్రయాణికులు మధ్యలో చిక్కుకున్నారు. ఆ బస్ స్టేషన్ ఎక్కడుందో మీకు తెలుసు, మూసీ మధ్యలో. రోజూ వేలమంది ఊళ్లకు పోయే చోటు, నది వానాకాలంలో పరుచుకునే చోటు, రెండూ ఒకటే.

ఒక నగరం ప్లాను బాగుందా లేదా అని చూడటానికి మనం సాధారణంగా ఏం కట్టారో చూస్తాం. ఫ్లైఓవర్ ఎంత పొడవు, మెట్రో ఎన్ని కిలోమీటర్లు అని. ఏం వదిలేశారో కూడా చూడాలి. దుకాణం ముందు వదిలిన వరండా, ఒడ్డు మీద వదిలిన తోట, చెరువులో వదిలిన ఖాళీ. వీటికి శిలాఫలకం ఉండదు, ప్రారంభోత్సవం ఉండదు. పోయిన రోజు మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది.

ఆ బస్ స్టేషన్‌ను హైదరాబాదీలు ఇప్పటికీ ఇమ్లీబన్ అంటారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు. అక్కడ తోపు పోయింది, పేరు మిగిలింది. కాస్త పైన, అదే నది పక్కన, 150 మందిని మోసిన చింతచెట్టు ఇంకా నిలబడే ఉంది. ఈసారి అటు వెళ్తే ఒకసారి చూసి రండి. చెట్టు ఎంత ఎత్తుందో చూడండి, ఆ రోజు నీళ్లు ఎంత దాకా వచ్చుంటాయో అప్పుడు మీకే తెలుస్తుంది.