ఐ.పి. పెట్టిన ఇంటి గంగాళం

పోయిన నెల ఇంటి లోను కోసం బ్యాంకుకి వెళ్ళాం. అక్కడి అబ్బాయి మా పెద్దవాడి వయసు వాడే. కంప్యూటరు వైపు చూస్తూ, "అంకుల్ గారి రికార్డులో పాత సెటిల్‌మెంట్ కనిపిస్తోందండీ" అన్నాడు. మావారు తలొంచుకున్నారు. నాకు మాత్రం మా అమ్మమ్మ ఇంట్లో స్నానాల నీళ్ళు కాచే రాగి గంగాళం గుర్తొచ్చింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మా తాతయ్యకి గుంటూరులో మిరపకాయల కమీషను వ్యాపారం ఉండేది. 1968లో ఐ.పి. పెట్టారు. మన ఊళ్ళల్లో చదువు రానివాళ్ళకి కూడా తెలిసిన ఇంగ్లీషు అక్షరాలివి. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అని పూర్తిగా ఎవరూ అనరు, "ఫలానావాడు ఐ.పి. పెట్టాడట" అంటారు, గొంతు తగ్గించి. అంతకు ముందునుంచీ ఉన్న మాట దివాలా. ఉత్తరాది వర్తకులు అప్పులు తీర్చలేనప్పుడు పట్టపగలు కొట్లో దీపం వెలిగించి పెట్టేవారనీ, దివాలా అన్నది అందులోంచే వచ్చిందనీ చెబుతారు. నిజమో కాదో గానీ ఆ పగటి దీపం నా మనసులోంచి పోదు.

ఈ ఐ.పి.కి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకి 1909లోనే వేరే చట్టం వచ్చింది. దానికి మూడేళ్ళ ముందు, 1906 అక్టోబరులో, మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే పెద్ద తెల్లదొరల కంపెనీ కూలిపోయింది. దాచుకున్న సొమ్ము పోయి వేలమంది గోలపెట్టారు. సర్ జార్జ్ ఆర్బత్‌నాట్‌కి పద్దెనిమిది నెలల శిక్ష పడింది. ఆ దెబ్బ తిన్నాకే మనవాళ్ళు మన బ్యాంకు మనకుండాలని 1907లో ఇండియన్ బ్యాంకు పెట్టారు. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు 1923లో వచ్చింది. ఆ బ్యాంకుని 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేసినప్పుడు మా అమ్మ సొంత మనిషి పోయినట్టు బాధపడింది.

తాతయ్య సంగతికొస్తాను. కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటించాక రిసీవరు మనుషులు ఇంటికొచ్చి సామాను జాబితా రాసుకున్నారు. అప్పటికి అమ్మకి పదకొండేళ్ళు. ఆ రోజు గురించి ఎన్నిసార్లు చెప్పిందో! నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నదేమిటంటే, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అరవయ్యో సెక్షను ఉంది. అప్పు కింద ఏవేవి తీసుకోకూడదో అందులో రాశారు. అప్పున్నవాడివీ, పెళ్ళాం బిడ్డలవీ కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు ముట్టుకోకూడదు. మత ఆచారం ప్రకారం ఆడది ఒంటిమీంచి తీయకూడని నగలూ అంతే. అంటే తెల్లవాడి చట్టంలో మన మంగళసూత్రానికి ఒక వాక్యం ఉందన్నమాట! అదే కోడ్‌లో ఇంకో సెక్షను ప్రకారం డబ్బు బాకీ డిక్రీ కింద ఆడవాళ్ళని జైల్లో పెట్టడానికి వీల్లేదు. మగవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు.

మరి గంగాళం వంటపాత్రా కాదా? అమ్మమ్మ "వంటదే" అందట. వచ్చినాయన "నీళ్ళు కాచుకోవడం వంటెలా అవుతుందమ్మా" అన్నాడట. గంగాళం వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు మా అమ్మా వాళ్ళు అన్నం వండే పెద్ద గిన్నెలోనే నీళ్ళు కాచుకుని పోసుకున్నారు.

ఊళ్ళో అన్నదేమిటో తెలుసా? "ముందే పెళ్ళాం పేరున రాసేసి ఐ.పి. పెట్టాడు" అని. అలా చేసినవాళ్ళు లేకపోలేదు. అందుకే, ఐ.పి.కి ముందు రెండేళ్ళలో నిజాయితీగా, సరైన ధరకి కాకుండా చేసిన బదిలీలు కోర్టు కొట్టేయొచ్చని ఆ చట్టంలోనే ఉంది. అయితే అమ్మమ్మ పేరునున్న రెండెకరాలు తాతయ్య రాసినవి కావు. ఆవిడ పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చినవి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ పొలానికి ఆవిడే పూర్తి హక్కుదారు. ఈ సంగతి ఎంతమందికి చెప్పగలదు, చెప్పినా నమ్మేదెవరు? నీళ్ళ బావి దగ్గర ఆవిడొస్తే మాటలు ఆగిపోయేవట. మొగుడి అప్పు మొగుడిది, నింద మాత్రం ఇద్దరిదీ.

ఆ చట్టంలో నన్ను ఆపేసిన సెక్షను ఇంకొకటుంది. విడుదల ఉత్తర్వు రాని దివాలాదారు తన సంగతి చెప్పకుండా యాభై రూపాయలు, ఆ పైన అప్పు తీసుకుంటే ఆరునెలల దాకా జైలు పడొచ్చు. తాతయ్య ఆ మూడేళ్ళూ కిరాణా కొట్లో పద్దు పెట్టనే లేదు. అమ్మమ్మ పాలు అమ్మిన డబ్బుతో ఏ రోజు సామాను ఆ రోజే తెచ్చుకున్నారు. 1971లో విడుదల ఉత్తర్వు వచ్చింది. ఇక చట్టం లెక్కన పాత బాకీలు లేవు.

తెలుగులో క్రెడిట్ అన్న మాటకి పరపతి అంటాం. సహకార పరపతి సంఘం అని బోర్డులు చూసే ఉంటారు. పరపతి అంటే అప్పూ అవుతుంది, నలుగురిలో పలుకుబడీ అవుతుంది. బి.ఏ.లో ఉన్నప్పుడు ఇది నానార్థం అని రాసుకుని ఊరుకున్నాను. మనవాళ్ళు "అప్పు పుట్టింది" అంటారు చూడండి, అప్పుని ఇవ్వడం పుచ్చుకోవడం లాగా కాక బిడ్డలాగా చూస్తారు. తాతయ్యకి ఎక్కడా పుట్టలేదు. ఆయన బాకీపడ్డవాళ్ళలో ఒక వితంతువు ఉంది. రెండువేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. విడుదలయ్యాక ఆవిడ నోటు చెల్లని కాగితం. అయినా అమ్మమ్మ తన ఎకరం అమ్మి ఆవిడ అసలు ఇచ్చేసింది. మిగిలిన డబ్బు పెట్టి తాతయ్య చిన్నగా మళ్ళీ కొట్టు తెరిచారు. నాలుగేళ్ళ తరవాత పెంకుటింటికోసం పరపతి సంఘంలో అప్పు అడిగితే జామీను సంతకం పెట్టింది ఆ వితంతువు తమ్ముడే. అమ్మ మాత్రం ఇప్పటికీ అంటుంది, "ఆ ఎకరం ఉంచుకుంటే నాకు అరెకరం వచ్చేదే" అని. దానికి నేనేం జవాబు చెప్పను?

మా కథలో కోర్టు లేదు. 2014లో మావారి జిరాక్సు, ప్రింటింగు షాపు మూతపడింది. కార్డుల మీద వాడేసిన డబ్బు కట్టలేక రెండేళ్ళకి సగం కట్టి సెటిల్ చేసుకున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నాం. రికార్డులో "సెటిల్డ్" అని పడితే సగం ఎగ్గొట్టినట్టు లెక్కనీ, పూర్తిగా కడితేనే "క్లోజ్డ్" అవుతుందనీ 2019లో మొదటిసారి లోను కాదన్నప్పుడు తెలిసింది. ఊరి పెద్దల నోటి మాట స్థానంలో ఇప్పుడు 300 నుంచి 900 దాకా ఒక అంకె ఉంది. 2000లో సిబిల్ మొదలైంది, 2005లో దీనికో చట్టమూ వచ్చింది. ఏడాదికోసారి మన రిపోర్టు ఉచితంగా చూసుకోవచ్చు. చూసుకోండి, మీ పేరున కూడా.

మిగతా సగం చీటీ డబ్బుతో 2022లో కట్టేశాం. బాకీ లేదన్న కాగితం తీసుకుని, రికార్డు మారిందాకా నాలుగు ఉత్తరాలు రాశాను. తరవాత పాతికవేల ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఒకటి తీసుకుని గ్యాసు, కరెంటు బిల్లులు మాత్రం దాంతో కట్టి, గడువుకి ముందే మొత్తం తీర్చేసేవాళ్ళం. మావారి అంకె 590 నుంచి 738కి రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది. నాకైతే అంకే లేదు. ఇరవై రెండేళ్ళు ఇంటి లెక్క నడిపిన మనిషికి రికార్డులో ఏమీ లేదు! కిందటేడు నా గాజుల మీద లోను తీసుకుని వాయిదాల్లో కట్టాకే నేనూ ఒక మనిషినని ఆ కంప్యూటరు ఒప్పుకుంది.

బ్యాంకు అబ్బాయి చివరికి అన్నది ఇది. నేను కూడా దరఖాస్తుదారుగా ఉండి, మా నాన్న నాకు రాసిచ్చిన స్థలం అదనంగా హామీ పెడితే ఇరవై రెండు లక్షలు వస్తుందట. కొత్త దివాలా చట్టం 2016లో వచ్చినా మనబోటివాళ్ళ భాగం ఇంకా అమలు కాలేదు, ఏదైనా తేడా వస్తే మళ్ళీ ఆ 1920 చట్టమే గతి. మావారు "నీ ఇష్టం, బలవంతం లేదు" అన్నారు. అడగడానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

రాత్రి అమ్మకి ఫోను చేశాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇల్లు ఎవరి పేరున రిజిస్టరు చేయిస్తున్నారే?" అంది. ఇద్దరి పేరునా అన్నాను. "నీ పేరు ముందు రాయించుకో" అని పెట్టేసింది. సోమవారం సంతకాలకి రమ్మన్నారు.